క్యాపు చిరుగుతోందని పెద్ద ప్రెస్సు కొనబోతున్న తమ్ముడికి

అన్నా అని మొదలుపెట్టావు కాబట్టి నేనూ తమ్ముడూ అనే అంటాను, నువ్వు అనే రాస్తాను.

చదివేవాళ్ల కోసం నీ సమస్యను రెండు మాటల్లో చెబుతాను. సింగరాయకొండ దగ్గర చిన్న షెడ్డు, 60 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్సు. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలుపుతూ తిరిగే ఏరేటర్లకి మోటారు చివర తొడిగే స్టీలు క్యాపులు నెలకి ఐదు వందలు ఇవ్వాలి. వ్యాసం 80 మి.మీ., ఎత్తు 65 మి.మీ., షీటు 0.8 మి.మీ. మందం ఉన్న 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ఒకే దెబ్బలో తీస్తుంటే పదింట్లో ఎనిమిది అడుగు మూల దగ్గర చిరుగుతున్నాయి. బాగా వచ్చాయనుకున్న వాటిలో కూడా కొన్ని రెండు మూడు రోజులకి పై అంచు నుంచి నిలువునా పగులుతున్నాయి. 100 టన్నుల ప్రెస్సు కొనాలా, లేక హైదరాబాదులో ఎవరిచేతనైనా కంప్యూటర్ సిమ్యులేషన్ చేయించాలా అని నీ టెన్షన్.

రెండూ వద్దు. ముందు ఒక కాగితం, ఒక క్యాలిక్యులేటర్ తీసుకో.

క్యాపు పైన అంచు కోసి సరిచేయడానికి 5 మి.మీ. కలుపుకుంటే ఎత్తు 70. బ్లాంక్, అంటే షీటు నుంచి ముందుగా కోసుకునే గుండ్రటి బిళ్ల, దాని వ్యాసం ఎంత కావాలో తెలుసుకోవడానికి లెక్క చాలా సులువు. డ్రాయింగ్‌లో, అంటే బిళ్లని పంచ్ అనే దిమ్మెతో డై అనే అచ్చు రంధ్రంలోకి నెట్టి కప్పుగా లాగడంలో, షీటు మొత్తం వైశాల్యం ఇంచుమించు మారదు అనుకుంటాం. క్యాపు వ్యాసం వర్గానికి, 4 × వ్యాసం × ఎత్తు కలిపి వర్గమూలం తీయాలి. 80 × 80 = 6400. 4 × 80 × 70 = 22400. కలిపితే 28800. వర్గమూలం దాదాపు 170. అంటే 170 మి.మీ. బిళ్ల నుంచి 80 మి.మీ. క్యాపు లాగుతున్నావు. అడుగు మూల గుండ్రాన్ని ఈ లెక్క పట్టించుకోదు కాబట్టి బిళ్ల ఒక పిసరు పెద్దదే వస్తుంది, మొదటి ట్రయల్‌కి అది మంచిదే.

170ని 80తో భాగిస్తే 2.12. దీన్నే డ్రా రేషియో అంటాం. 304 షీటుకి మంచి డై, మంచి నూనె, అంతా కుదిరితే ఒక్క దెబ్బలో 2.0, మహా అయితే 2.1 వరకు వస్తుంది. షాపు పనిలో, రోజూ వందల ముక్కలు తీసేచోట, 1.75 - 1.8 దాటి డిజైన్ చేయకూడదు. నువ్వు గట్టు అంచున బండి నడుపుతున్నావు. పదింట్లో రెండు బాగా రావడమే విశేషం.

ఇప్పుడు టన్నుల సంగతి. ఒక చేతిగాజులోంచి కండువా లాగుతున్నట్టు ఊహించుకో. కండువా మధ్య భాగం గాజులోకి దిగుతుంటే చుట్టూ ఉన్న గుడ్డ కుచ్చిళ్లుగా ముడతలు పడి దగ్గరకి వస్తుంది. షీటులోనూ జరిగేది అదే. నీ బిళ్ల అంచు చుట్టుకొలత 534 మి.మీ. అది క్యాపు అంచు చేరేసరికి 251 మి.మీ. అవ్వాలి. సగానికి సగం కంటే ఎక్కువ కుదించుకుపోవాలి! గుడ్డ అయితే కుచ్చిళ్లు పడుతుంది. మనం బ్లాంక్ హోల్డర్‌తో, అంటే బిళ్ల అంచుని డై మీద పట్టి ఉంచే రింగుతో, అదిమి పెట్టి కుచ్చిళ్లు పడనివ్వం. కాబట్టి లోహం మందంగా మారుతూ, పొడవు సాగుతూ లోపలికి రావాలి. ఆ కుదింపుకి కావాల్సిన బలమంతా పంచ్ ఇస్తుంది. కానీ పంచ్ తాకేది అడుగుని మాత్రమే. అడుగు నుంచి అంచు దాకా ఆ బలాన్ని మోసుకెళ్లేది అప్పటికే తయారైన గోడ. తాడు కట్టి బండి లాగినట్టే, ఎద్దు ఎంత బలమైనదైనా తాడు ఎంత ఆగితే అంతే లాగగలదు.

ఆ తాడు బలం ఎంతో లెక్కేద్దాం. గోడ అడ్డుకోత వైశాల్యం: 3.14 × 80 × 0.8 = సుమారు 201 చదరపు మి.మీ. 304కి ప్రమాణం ప్రకారం కనీస తన్యబలం (లాగితే తెగకుండా ఆగే బలం) 515 మెగాపాస్కల్, అంటే చదరపు మి.మీ.కి 515 న్యూటన్లు, మామూలుగా దొరికే షీటు 600 దగ్గర ఉంటుంది. 201 × 600 = 1,20,600 న్యూటన్లు. అంటే పన్నెండుంబావు టన్నులు. అంతకుమించి ఆ గోడ ఒక్క కిలో కూడా మోయదు. నీ 60 టన్నుల ప్రెస్సులో ఐదో వంతు బలానికే క్యాపు చిరిగిపోతుంది. 100 టన్నులది కొంటే ఇంకా సులువుగా చిరుగుతుంది, అంతే.

చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక ప్రెస్ షాపులో పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఈ తప్పు చేశాను. చిరిగినప్పుడల్లా హోల్డర్ ఒత్తిడి పెంచేవాణ్ణి, గట్టిగా పట్టుకుంటే చిరగదని. హోల్డర్ ఎంత గట్టిగా పడితే అంచు లోపలికి రావడం అంత కష్టం, గోడ మీద అంత భారం. రెండు షిఫ్టుల స్క్రాపు పోశాక అక్కడి ఫోర్‌మన్ ఒక చిరిగిన ముక్క నా చేతికిచ్చి "ఇది ఎక్కడ చిరిగిందో వేలు పెట్టి చూపించు" అన్నాడు. అప్పటినుంచి స్క్రాపు డబ్బాలో చెయ్యి పెట్టి ముక్కలు వేరుచేయందే డై మీద చెయ్యి వెయ్యను.

నువ్వూ అదే చెయ్యి. అడుగు మూల పైన, గోడ మొదలయ్యేచోట చుట్టూ గీత గీసినట్టు చిరిగితే లోడు ఎక్కువైనట్టు: రేషియో, హోల్డర్ ఒత్తిడి, డై మూల గుండ్రం, నూనె, వీటిలో ఒకటి తప్పు. సరిగ్గా పంచ్ మూల గుండ్రం మీదే తెగితే పంచ్ మూల మరీ పదునుగా ఉందన్నమాట. ఒకే పక్క చిరుగుతుంటే డై, పంచ్ కేంద్రాలు కలవలేదు, లేదా హోల్డర్ ఒక పక్క ఎక్కువ పడుతోంది. గోడ మీద నిలువు గీతలు, మెరుస్తూ గీరుకుపోయినట్టు ఉంటే స్టీలు డైకి అంటుకుంటోంది. ముడతలు కనిపిస్తే హోల్డర్ ఒత్తిడి తక్కువ. ముడత డై అంచు దగ్గర ఇరుక్కుని ఆపైన చిరిగిన ముక్కలు కూడా ఉంటాయి. అలాంటివి చూసి కొత్తవాళ్లు ఒత్తిడి తగ్గిస్తారు, పెంచాల్సింది పోయి.

నీ ఫొటోలో గీత గోడ మొదట్లో ఉంది, చుట్టూ ఉంది. కాబట్టి రెండు దెబ్బలుగా విడగొట్టడమే దారి.

మొదటి డ్రా: 170 బిళ్ల నుంచి 98 మి.మీ. వ్యాసం. రేషియో 1.73. ఈ కప్పు ఎత్తు 49 మి.మీ. దాకా వస్తుంది. రెండో డ్రా: 98 నుంచి 80. రేషియో 1.22 మాత్రమే. రెండో దానికి ఎక్కువ ఆశపడకూడదు, ఎందుకంటే మొదటి దెబ్బకే 304 బాగా గట్టిపడి ఉంటుంది. మెత్తటి ఇనప షీటుతో పోల్చి చూడొద్దు. ఇనుములో ఈ గట్టిపడే గుణాన్ని చెప్పే అంకె 0.2 చుట్టుపక్కల ఉంటే, 304కి 0.4 పైనే. ఈ గుణం వల్లే 304 బాగా సాగుతుంది, దాని వల్లే రెండో దెబ్బకి మొండికేస్తుంది.

డై మూల గుండ్రం 6 మి.మీ. పెట్టు, మందానికి ఏడెనిమిది రెట్లు. నువ్వు రాసిన 2 మి.మీ. చూసి నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. మొదటి పంచ్ మూల కూడా 6 నుంచి 8 పెట్టు, ఆ కప్పు అడుగు ఎలాగూ రెండో డ్రాలో మళ్లీ మారుతుంది. క్లియరెన్స్ ఒక పక్కకి 0.95 మి.మీ. ఇవ్వు. షీటు మందమంతే 0.8 ఇస్తే, అంచు దగ్గర మందం పెరిగిన లోహానికి దారి దొరకదు. పంచ్ మధ్యలో 4 మి.మీ. గాలి కన్నం మర్చిపోకు, లేకపోతే క్యాపు పంచ్‌ని పీల్చుకుని ఊడదు, ఊడినా అడుగు లొట్టపడుతుంది.

హోల్డర్ ఒత్తిడి: స్టెయిన్‌లెస్‌కి చదరపు మి.మీ.కి 2.5 న్యూటన్లతో మొదలుపెట్టవచ్చు. మొదటి డ్రాలో హోల్డర్ కింద పట్టున్న రింగు వైశాల్యం 12,800 చ.మి.మీ. చుట్టూ ఉంటుంది. అంటే మూడు, మూడుంబావు టన్నులు. అక్కడ మొదలుపెట్టి, ముడతలు కనిపించేదాకా కొంచెం కొంచెం తగ్గించు, ఆ తర్వాత పిసరంత పెంచి ఆపు. హోల్డర్‌ని నెట్టే కుషన్ సిలిండర్ గేజి మీద నూనె ఒత్తిడి బార్‌లలో చూపిస్తుంది కదా, సిలిండర్ వైశాల్యంతో హెచ్చవేసి టన్నుల్లోకి మార్చి గోడ మీద చాక్‌పీసుతో రాసిపెట్టుకో. గేజి చూసి "నూటఇరవై పెట్టు" అనుకుంటూ పోతే ఎన్ని టన్నులో ఎవరికీ తెలియదు.

నూనె సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ చేసే పొరపాటు ఇక్కడే ఉంది. బిళ్లను రెండు వైపులా నూనెలో ముంచి పెడతారు. డై వైపు, హోల్డర్ వైపు నూనె కావాలి, అక్కడ లోహం జారాలి. కానీ పంచ్ ముక్కు దగ్గర జారకూడదు! పంచ్ మూల దగ్గర ఘర్షణ ఉంటే షీటు పంచ్‌ని పట్టుకుంటుంది, గోడ మీద పడాల్సిన భారంలో కొంత ఆ పట్టే మోస్తుంది. అందుకే హోల్డర్ కింద పడే వెలుపలి రింగుకి మాత్రం రెండు పక్కలా నూనె రాయి, మధ్యలో పంచ్ తాకేచోట గుడ్డతో తుడిచెయ్యి. పంచ్‌ని అద్దంలా పాలిష్ చేయొద్దు, డై మూలని మాత్రం అద్దంలా చెయ్యి. అదీ లోహం జారే దిశలోనే రుద్దు, అడ్డంగా కాదు. స్టెయిన్‌లెస్ షీటుకి ఒక పక్క పాలిథీన్ పొర అంటించి వస్తుంది కదా, చాలామంది అది పీకేసి ప్రెస్సు కింద పెడతారు. ఆ పొరని డై వైపు ఉంచి నొక్కి చూడు. చిన్న ఆర్డర్లకి దానికి మించిన నూనె నేను చూడలేదు.

డైకి హెచ్‌సీహెచ్‌సీ (కార్బన్, క్రోమియం ఎక్కువున్న) స్టీలు అందరూ వాడేదే. కానీ స్టెయిన్‌లెస్ దానికి అంటుకునే గుణం ఉంది. ఐదు వందల ముక్కల పనికి డై మూల దగ్గర అల్యూమినియం బ్రాంజ్ రింగు దిగ్గొడితే గీతల బాధ ఉండదు. అరిగితే రింగు మార్చుకోవడమే.

ఇక రెండో సమస్య, రెండు రోజులకి పగలడం. ఇది ప్రెస్సు సమస్య కాదు, షీటు సమస్య అని నా గట్టి అనుమానం.

నెల్లూరు ఆటోనగర్‌లో షెడ్డు పెట్టిన కొత్తలో నాకూ జరిగింది. సాయంత్రం రెండు వందల కప్పులు పేర్చి తాళం వేసి వెళ్లాం. మర్నాడు వాచ్‌మన్ "రాత్రంతా లోపల ఎవరో గులకరాళ్లు విసిరినట్టు టక్ టక్ మని చప్పుడు సార్" అన్నాడు. చూస్తే నలభై దాకా కప్పులు అంచు నుంచి కిందికి చీలి ఉన్నాయి. షీటు 304 అని బిల్లు వేసి అమ్మినవాడు ఇచ్చింది తక్కువ నికెల్ ఉన్న 200 సిరీస్ రకం.

ఎందుకు పగులుతుందంటే, డ్రా అయిన కప్పు పై అంచులో చుట్టూ లాగుతున్న ఒత్తిడి మిగిలిపోతుంది. దానికి తోడు ఈ స్టీళ్లలో బాగా వంచి నలిపినచోట మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసు నిర్మాణం పుడుతుంది. అందులో రవ్వంత హైడ్రోజన్ కూడా చేరితే గంటల్లోనో రోజుల్లోనో పగులు బయలుదేరుతుంది. నికెల్ తక్కువై మాంగనీసు ఎక్కువైన 200 సిరీస్‌లో ఇది మరీ ఎక్కువ. దీనికి అన్నలాంటి జబ్బు ఇత్తడికి ఎప్పుడో వచ్చింది. బ్రిటిష్ సైన్యం ఇండియాలో వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలేవి. సీజన్‌లో వచ్చే పగులు కాబట్టి సీజన్ క్రాకింగ్ అన్నారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి కలిసి చేసిన పని అని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు తేల్చారు. స్టీల్లో కారణం వేరు, మిగిలిపోయిన ఒత్తిడి మాత్రం రెండింటికీ ఉమ్మడి.

షీటు ఏదో తెలుసుకోవడానికి అయస్కాంతం పెట్టి చూశానని రాశావు. "అంటుకుంటే డూప్లికేట్, అంటుకోకపోతే అసలు" అని సామాన్ల కొట్లలో చెప్పే మాట ఇక్కడ పనికిరాదు. 200 సిరీస్ కూడా అయస్కాంతానికి అంటుకోదు. అయస్కాంతం వేరే పనికి వాడు. కొత్త బిళ్ల మీద పెట్టు, అంటుకోదు. అదే బిళ్ల నుంచి తీసిన కప్పు అడుగున పెట్టు, అక్కడా పెద్దగా అంటుకోదు. ఇప్పుడు మెల్లగా గోడ మీదుగా పైకి జరుపు. అంచు దగ్గరికి వస్తుంటే చేతికి పట్టు తెలుస్తుంది. అదే మార్టెన్‌సైట్. ఎక్కడ ఎక్కువ నలిగిందో అక్కడ ఎక్కువ పట్టు. అంచు దగ్గర అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే ఆ కప్పుని అనీలింగ్ (బాగా కాల్చి చల్లార్చి మెత్తబరచడం) చేయకుండా పంపకు.

షీటు కొన్నప్పుడు మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ అడుగు, అందులోని హీట్ నంబరు (మిల్లులో ఏ కరుగు నుంచి వచ్చిందో చెప్పే నంబరు) షీటు మీద ఉన్నదానితో కలుస్తుందో చూడు. అందులో అంకెలతో ఒక లెక్క ఉంది, 1954లో ఏంజెల్ అనే పరిశోధకుడు ఇచ్చిన సూత్రం. 413లోంచి ఇవన్నీ తీసేయాలి: కార్బన్, నైట్రోజన్ శాతాలు కలిపి 462తో, సిలికాన్ 9.2తో, మాంగనీసు 8.1తో, క్రోమియం 13.7తో, నికెల్ 9.5తో, మాలిబ్డినం 18.5తో హెచ్చవేసినవి. వచ్చేది సెంటీగ్రేడ్ డిగ్రీల్లో ఒక ఉష్ణోగ్రత. ఆ ఉష్ణోగ్రత దగ్గర 0.3 స్ట్రెయిన్ (సాగుదల కొలత) దాకా సాగదీస్తే లోహంలో సగం మార్టెన్‌సైట్ అవుతుంది. ఉదాహరణకి కార్బన్ 0.05, నైట్రోజన్ 0.05, సిలికాన్ 0.5, మాంగనీసు 1.5, క్రోమియం 18.2, నికెల్ 8.1 ఉన్న షీటుకి 24 డిగ్రీలు వస్తుంది. నికెల్ 9 ఉన్న షీటుకి 15 డిగ్రీలు. ఎంత తక్కువైతే నీకంత మంచిది, షెడ్డు వేడి కంటే అది ఎంత కిందుంటే మార్టెన్‌సైట్ అంత తక్కువ పుడుతుంది. డీప్ డ్రాయింగ్‌కని అడిగితే నికెల్ కాస్త ఎక్కువున్న 304 ఇస్తారు, ధర కూడా కాస్త ఎక్కువే.

మన జిల్లాల్లో మే నెలలో షెడ్డు లోపల నలభై దాటుతుంది, డిసెంబరు పొద్దున ఇరవై రెండో ఇరవై మూడో ఉంటుంది. నా షెడ్డులో ఎండాకాలం హాయిగా వచ్చిన కప్పు చలికాలం మొదటి ముప్పై ముక్కలు చిరిగి, డై వేడెక్కాక దారికి వచ్చేది. అప్పట్లో దాన్ని ఆపరేటర్ నిద్రమత్తు అనుకున్నాను, పాపం వాణ్ణి తిట్టాను కూడా. డై, హోల్డర్ వేడిగా ఉంటే అంచు మెత్తగా, మార్టెన్‌సైట్ తక్కువగా లోపలికి వస్తుంది. పంచ్ చల్లగా ఉంటే గోడ బలంగా ఉంటుంది. పెద్ద కంపెనీలు డైలో హీటర్లు, పంచ్‌లో నీళ్లు పెట్టి కావాలనే ఇలా చేస్తాయి. నీకు అంత అక్కర్లేదు, పొద్దున్నే డైని 80 డిగ్రీలకి వేడి చేసి మొదలుపెడితే చాలు.

అనీలింగ్ అంటే 1050 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు ఉంచి వేగంగా చల్లార్చాలి. నిదానంగా చల్లారితే ఉప్పునీటి దగ్గర తుప్పు త్వరగా పడుతుంది. మీ క్యాపులు తిరిగేదే ఉప్పునీటి చెరువుల్లో. మన దగ్గర చేయించలేకపోతే చెన్నైలో హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్లకి పంపు. డ్రా చేసిన రోజే పంపాలి, వారం పోగుచేసి కాదు. నిజమైన 304, రెండు దెబ్బల డ్రా, అంచు వెంటనే కోసేయడం: ఈ మూడూ ఉంటే అనీలింగ్ లేకుండానే గట్టెక్కే అవకాశం బాగా ఉంది.

సిమ్యులేషన్ వద్దన్నాను కాబట్టి దాని గురించీ ఒక మాట. నాకు దాని మీద కోపం లేదు. కారు డోరు లాంటి వంకర పార్టుకి ఆటోఫామ్, ఎల్‌ఎస్-డైనా లాంటి సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లు లేకుండా ఇవాళ ఎవరూ డై కొట్టరు. 2022 నుంచి ఓపెన్‌రేడియోస్ అనేది ఉచితంగా కూడా దొరుకుతోంది. కానీ అందులో షీటు గట్టిపడే వక్రరేఖ, వేర్వేరు దిశల్లో సాగే తేడా, ఘర్షణ అంకె నువ్వే ఇవ్వాలి. ఏ షీటో తెలియకుండా పుస్తకంలోని 304 అంకెలు ఇస్తే రంగురంగుల బొమ్మ వస్తుంది, నీ షీటు గురించి మాత్రం ఏమీ చెప్పదు. గుండ్రటి క్యాపుకి పైన వేసిన లెక్క చాలు.

దానికి బదులు ఇది చెయ్యి. ఒంగోలులో పెళ్లికార్డులు ముద్రించే స్క్రీన్ ప్రింటింగ్ షాపుకి నాలుగు బిళ్లలు తీసుకెళ్లి, పంచ్ తగిలే వైపు 5 మి.మీ. వలయాలు ఒకదాని పక్కన ఒకటి ముద్రించమను. కార్డుల వాడు వింతగా చూస్తాడు, ఫర్వాలేదు. పూర్తిగా చిరగకముందే పంచ్ ఆపి కప్పు బయటికి తియ్యి. వలయాలు కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటాయి. గోడ మొదట్లో ఒక వలయం పొడవు 6.2, వెడల్పు 4.9 అయిందనుకో. లోహం పరిమాణం మారదు కాబట్టి 5 × 5 × 0.8ని 6.2 × 4.9తో భాగిస్తే అక్కడి మందం 0.66 మి.మీ. పద్దెనిమిది శాతం పలచబడింది. తర్వాత కప్పుని గ్రైండర్‌తో నిలువునా కోసి, మొన మైక్రోమీటర్‌తో ప్రతి 5 మి.మీ.కి మందం కొలిచి సరిచూసుకో. కీలర్, గుడ్విన్ అనే పరిశోధకులు 1960లలో షీటు ఎంత సాగితే చిరుగుతుందో చెప్పే పటం గీసింది ఇలాంటి వలయాలు కొలిచే.

ఇంకొకటి, కొనేవాణ్ణి అడిగావా ఆ క్యాపు ఎత్తు 65 ఎందుకో? 50 చాలంటే బిళ్ల 155, రేషియో 1.94. అప్పుడు మంచి షీటు, వేడి డైతో ఒకే దెబ్బలో ప్రయత్నించవచ్చు, రెండో డై ఖర్చు మిగులుతుంది. నా అనుభవంలో ఇలాంటి కొలతల్లో సగం, పాత ప్లాస్టిక్ క్యాపుని స్కేలు పెట్టి కొలిచి రాసినవే.

65 తప్పదంటే మొదటి డ్రా డై ఒక్కటే ముందు చేయించు, రెండోది ఆగు. 98 కప్పు యాభై తీసి, ఒక్కటీ చిరగలేదని, అంచులో అయస్కాంతం పట్టు ఎంతుందని చూసుకున్నాక ఆ కప్పు అసలు కొలతల్ని బట్టి రెండో డైకి ఆర్డర్ ఇవ్వు. ఆ యాభైలో పదింటిని కోయకుండా పక్కన పెట్టి, మీద తారీకు, టైము మార్కర్‌తో రాసి వారం ఉంచు. ఏవైనా పగిలితే షీటు అమ్మినవాడి దగ్గరికి వాటిని పట్టుకెళ్లు.